మాట్లాడొద్దన్నారు డాక్టరుగారు

జూన్ 4

ఒరేయ్ తమ్ముడూ,

ప్రభువు దయవల్ల నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. నా చేతిరాత చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నాకే కాస్త అయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతులో లేచిన చిన్న కాయల్లాంటివి తీసేశారు. చెడ్డ జబ్బు కాదని పరీక్షలో తేలింది, దేవుడికి స్తోత్రం. ఏం పని చేస్తారని డాక్టరుగారు నన్నడిగితే, నోట్లో గొట్టం ఉంది కదా, మీ బావ అందుకున్నారు. "బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కణ్ణించి బయల్దేరుతుందో చెప్తుందండీ. ఇంటికొచ్చాక మైకు లేకుండా చెప్తుంది." ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి మీద వేసే జోకా అది? నర్సులు కూడా నవ్వారు.

ఆ తర్వాతే అసలు సంగతి చెప్పారు డాక్టరుగారు. "నేను చెప్పేదాకా నోరు విప్పొద్దమ్మా. గుసగుసలు కూడా వద్దు. మామూలు మాటకంటే అవే ఎక్కువ చేటు." ఎన్నాళ్ళని చేత్తో సైగ చేసి అడిగాను. గొంతు మానేదాన్ని బట్టి అన్నారు. అది కూడా ఒక జవాబేనా?

అంటే పొద్దున్నే ఫోన్లో మన ప్రార్థన ఆగిపోయినట్టే. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఒక్క పొద్దు మానలేదు మనం. నేను చేసేదాన్ని, నువ్వు అవతల గడ్డం గీసుకుంటూ "ఆమెన్" అనేవాడివి. నాకు తెలీదనుకున్నావా? నీ ఆమెన్ సగం నురగలోంచే వచ్చేది. ఫోన్లో మెసేజీ పెట్టమంటావేమో, ఆ అక్షరాలు చీమ తలకాయల్లా ఉంటాయి, నా వల్ల కాదు. అందుకే ఉత్తరం.

ఇప్పుడు చెప్పేది బుద్ధిగా విను. ఇకనుంచి ప్రార్థన నువ్వు చెయ్యాలి. మనసులో కాదు, పైకి. నాకోసం. ఎందుకంటే నా వల్ల కావడం లేదు. నోరు కదపకుండా మోకరిస్తే, స్తోత్రం దగ్గర మొదలుపెట్టిన మనసు పాలు పొంగాయేమో దగ్గర తేలుతోంది. లోపల అనుకున్న మాట లోపలే చచ్చిపోతున్నట్టుంది. నాకు భయంగా ఉందిరా. ఈ మాట మీ బావతో అనలేను, రాసి చూపించనూ లేను. ఆయన హాయిగా ఉన్నారు. ఇల్లంతా ఈలలు వేసుకుంటూ తిరుగుతున్నారు. "ఇల్లు ప్రశాంతంగా ఉందండీ" అని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. పోయింది గొంతే గానీ చెవులు కాదు కదా.

నీ జవాబు కోసం ఎదురుచూసే,
అక్క

జూన్ 15

అక్కా,

వందనాలు. నువ్వు మాట్లాడకుండా ఉన్నావంటే నీ మరదలు నమ్మడం లేదు. ఉత్తరం చూపించాక కూడా "ఎవరో రాసి ఉంటారు" అంటోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. నవ్వనంటే ఏం జరిగిందో చెప్తాను. మన వేళకే, గడ్డం గీసుకోకుండా, పద్ధతిగా మోకరించాను. కళ్ళు మూశాను. మాట రాలేదు. ఇన్నేళ్ళూ నేను దేవుడితో ఆడిన మాట "ఆమెన్" ఒక్కటే కదా, దాంతోనే మొదలుపెడితే బాగుండదు. ఏం చెయ్యాలో తోచక నీ ప్రార్థనే అందుకున్నాను. చూస్తే మొత్తం నోటికొచ్చు! మధ్యలో ఎక్కడ దగ్గుతావో కూడా గుర్తుంది. గాడిలో పడ్డ బండిలా పోతూనే ఉన్నాను. ఎప్పుడో మానిపోయిన నా మోకాలు బాగుచెయ్యమని అడిగాను. నా మొండితనం వంచమని నేనే కన్నీళ్ళతో బతిమాలాను. ఆ ఊపులో "నాకు దయచేసిన మంచి భర్తను బట్టి నీకు వందనాలు తండ్రీ" అనేశాను.

వెనక నీ మరదలు నిలబడి ఉంది. అప్పట్నుంచీ నన్ను "ఏమమ్మా" అని పిలుస్తోంది.

కాబట్టి అక్కా, ఒక ఉపకారం చెయ్యి. నాకు సరిపడేట్టు ఒక ప్రార్థన రాసి పంపు. లిఫ్టు మెకానిక్కు చదువుకునేట్టు, చిన్నది. అది చదువుకుంటాను. నువ్వు చేసినంత బాగా ఎలాగూ చెయ్యలేను. మన ఇంట్లో ఆ పని నీది. ఇనుప తాళ్ళకి గ్రీజు పట్టించడం నాది.

గొంతు జాగ్రత్త. బావని అడిగానని చెప్పు, అంటే రాసి చూపించు.

నీ తమ్ముడు

జూన్ 24

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేక చచ్చాను. నవ్వడం కూడా నిషేధమే, తెలుసా? దిండు మొహానికి అదుముకుని కూర్చుంటే మీ బావ ఏడుస్తున్నాననుకుని నీళ్ళు తెచ్చారు. ఎందుకు నవ్వానో రాసి చూపించేసరికి నవ్వు చల్లారిపోయింది.

ప్రార్థన రాసి పంపను. పంపితే అదీ నోటికి పట్టేసి, మళ్ళీ గడ్డం గీసుకుంటూ అప్పజెప్తావు. మన ఇంట్లో ఆ పని నాది అని రాశావు. ఎవరు పంచారు ఆ పనులు? నీ కడుపులో ఏముందో అది చెప్పు. కోపముంటే కోపం చెప్పు. ఇదంతా నీకు వేళాకోళంగా ఉందేమో గానీ, నాకు కాదు.

సెలవు అయిపోయింది. బస్టాండులో నన్ను పార్సిలు కౌంటరులో కూర్చోబెట్టారు. మైకు ముందు కొత్తమ్మాయి కూర్చుంది. గొంతు బాగుంటుంది, కాదనను. కానీ ఊరి పేరు చెప్పాక ఊపిరి తీసుకోదు, జనం బస్సు వెనక పరిగెడుతున్నారు. నేను గాజు కిటికీ వెనకనుంచి చూస్తూ కూర్చుంటాను. పార్సిలు తూకం వెయ్యడం, చీటీ అంటించడం, రశీదు చింపి ఇవ్వడం. మాట అక్కర్లేని పని. "నోరు లేని మనిషా?" అని ఒకాయన నా ముందే పక్కవాణ్ణి అడిగాడు.

గురువారం స్త్రీల కూటానికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి నేను నడిపిన కూటం. కుట్టుమిషనావిడ ప్రార్థన చేసింది. బాగానే చేసింది. నాకే పొట్టిగా అనిపించింది. అందరూ నా గొంతు కోసం అడుగుతుంటే, నేను మధ్యలో బొమ్మలా కూర్చుని ఆవిడ మాటల్లో తప్పులు వెతుకుతున్నాను. ఇదీ నా భక్తి.

మీ బావ ఈలలు మానలేదు.

అక్క

జూలై 10

అక్కా,

వేళాకోళం కాదు. నాకు చెప్పడం చేతకాదంతే. అయితే నువ్వు కడుపులో ఉన్నది చెప్పమన్నావు కదా, చెప్పాను. ఆ కథ విను.

ఇంట్లో అయితే వెనక ఎవరుంటారోనని భయం పట్టుకుంది. అందుకని పనిచేసే చోటే జాగా వెతుక్కున్నాను. నేను చూసే లిఫ్టుల్లో ఒకటి పదంతస్తుల భవనంలో ఉంది. దాని మోటారు గది మేడమీద, నీళ్ళ ట్యాంకు పక్కన. చిన్న గది, గ్రీజు వాసన, ఒక బల్బు. మోటారు తిరిగితే మనం అరిచినా ఎవరికీ వినపడదు. నాలాంటివాడికి అదే గుడి.

మంగళవారం పొద్దున బ్రేకు సరిచేసి, లిఫ్టు నడవనిచ్చి, పనిముట్ల సంచి మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఈసారి నీ మాటలు పట్టుకోలేదు. ఇలా అన్నాను: "ప్రభువా, నేనెవరో నీకు తెలుసో లేదో. నేను మా అక్క తమ్ముణ్ణి. ఇన్నాళ్ళూ నా సంగతులన్నీ ఆవిడే నీకు చెప్పేది. ఇప్పుడావిడ మాట్లాడకూడదు. అందుకని నేనే వచ్చాను. ఆవిడ గొంతు ఆవిడకి ఇచ్చెయ్యి. అది లేకపోతే ఆవిడకి తోచదు. నాకూ భయంగానే ఉంది, పైకి చెప్పలేదు." ఇంకా చాలా అన్నాను, అవి నీకెందుకు. చివర్న ఆగాను, మాటలు అయిపోయి.

"ఆమెన్" అని వినపడింది.

అక్కా, గదిలో నేనొక్కణ్ణే. పైగా ఆడగొంతు! కళ్ళు తెరిచి చూస్తే ఫోను రిసీవరు తీగకి వేలాడుతోంది. మోటారు గదిలోంచి లిఫ్టు లోపలికి మాట్లాడ్డానికి ఒక ఫోను ఉంటుంది. బ్రేకు పరీక్షిస్తూ తీశాను, తిరిగి పెట్టడం మర్చిపోయాను. నేను అన్నదంతా లిఫ్టు పైకప్పులోంచి లోపలివాళ్ళకి వినిపించింది. నాలుగో అంతస్తు టీచరమ్మగారట, రిటైరయ్యారు. ఆవిడ అంతస్తు వచ్చినా దిగకుండా తలుపు పట్టుకుని నిలబడి చివరిదాకా విన్నారట. ఆ లిఫ్టులోనే ఉన్న ఇంకొకాయన మాత్రం మెట్లు దిగి వెళ్ళి, లిఫ్టులో ఎవరో ఏడుస్తున్నారని వాచ్‌మన్‌తో గొడవ పెట్టుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. కిందికి దిగుతుంటే టీచరమ్మగారు మెట్ల దగ్గర ఆపారు. "మీ అక్కగారి గొంతు కోసం నేనూ చేస్తాను. నా గుండె కోసం నువ్వు చేస్తావా బాబూ? వచ్చే నెల పరీక్షలున్నాయి" అన్నారు. నేనా? అన్నాను. నువ్వే అన్నారు. సరేనన్నాను. ఏదో వాషరు మారుస్తానన్నట్టు అనేశాను గానీ, అప్పట్నుంచీ రోజూ చేస్తున్నాను. రిసీవరు పెట్టాకే.

ఇప్పుడు నాకు అలవాటైంది అక్కా. ఇక నువ్వు పొద్దున్నే ఫోన్లో నాకోసం ప్రార్థన చెయ్యక్కర్లేదు. నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు

జూలై 18

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. దేవుడు నిన్ను వాడుకుంటున్నందుకు సంతోషం. నా అవసరం తీరినందుకు ఇంకా సంతోషం.

నిన్న డాక్టరుగారు చూశారు. వాపు తగ్గలేదన్నారు. ఇంకో నెల మౌనమే. మైకు పని ఆ అమ్మాయికే ఖాయం చేసేట్టున్నారు.

ఇక్కడంతా క్షేమం.

అక్క

జూలై 25

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "చిరంజీవి" అని మొదలుపెట్టావంటేనే నాకు అర్థమైంది. చిన్నప్పుడు నీ గోలీ పోగొట్టినప్పుడు కూడా ఇలాగే మర్యాదగా మాట్లాడావు.

నువ్వు అనుకున్నది కాదు నేను రాసింది. నీ గొంతు నొప్పి పెట్టుకుని నాకోసం చెయ్యక్కర్లేదని, నేనొక్కణ్ణే అయినా పడిపోనని రాశాను. నీ అవసరం తీరిందని ఎక్కడ రాశాను? నువ్వు నేర్పకపోతే నేను ఆ గదిలో కూర్చుని ఏం చేసేవాణ్ణి, బీడీ కాల్చేవాణ్ణి.

సరే, అది వదిలెయ్. వాపు తగ్గలేదని చదివాక నాకు దేవుడి మీద కోపమొచ్చింది. ఇదేం న్యాయం? ఊహ తెలిసినప్పట్నుంచీ అడిగింది నువ్వు. కొత్తగా అడిగింది నేను. ఇద్దరిలో ఎవరి మాటా చెల్లలేదు. సరే మానేస్తానన్నాను. మానేశాను కూడా. మోటారు గదికి వెళ్ళడం, గ్రీజు పట్టించడం, దిగిపోవడం. రెండు రోజులు అలా గడిచాయి. ఏదో బోల్టు బిగించకుండా వచ్చేసినట్టు రోజంతా ఒకటే దిగులు. మూడో రోజు వెళ్ళి కూర్చుని పోట్లాడాను. రిసీవరు పెట్టేశానో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకుని మరీ పోట్లాడాను. "నాకు నచ్చలేదు. నువ్వు చేసింది నాకు నచ్చలేదు. అయినా వచ్చాను, ఎందుకంటే ఇంకెక్కడికి పోను?" అన్నాను. జవాబు రాలేదు. కానీ లేచేటప్పుడు దిగులు లేదక్కా. నీ గొంతు వస్తుందో రాదో నాకు తెలీదు. ఆయన ఉన్నాడని మాత్రం, ఎవరో చెప్తే విన్నట్టు కాకుండా, నాకే తెలిసింది. ఇదివరకు నీ మాట మీద నమ్మేవాణ్ణి.

ఇంకో సంగతి. బావ రోజూ పొద్దున మన ప్రార్థన వేళకి నాకు ఫోన్ చేస్తున్నాడు. ఏం బావా అంటే "ఏం లేదురా, ఊరికే" అంటాడు. కాసేపు ఏమీ మాట్లాడడు. పెట్టేస్తాడు. నీకేమైనా అర్థమవుతోందా?

నీ మీద అలక లేని,
తమ్ముడు

ఆగస్టు 6

ఒరేయ్ తమ్ముడూ,

ఉడుక్కున్నానురా. దాచేదేముంది. నీకోసం ఇన్నేళ్ళు నేనడిగింది, నువ్వు సొంతంగా ఆయన్ని ఎరగాలనే. తీరా అది జరిగాక నా కుర్చీ ఎవరో లాక్కున్నట్టు ఏడ్చాను. మైకు పోయింది, కూటం పోయింది, చివరికి నీ పొద్దుటి ప్రార్థన కూడా పోయిందనిపించింది. నీ కోపం గురించి చదివాక మనసు కుదుటపడింది. నేను అంత ధైర్యంగా ఆయనతో ఎప్పుడూ పోట్లాడలేదు. ఎంతసేపూ మంచి మాటలే వెతుక్కునేదాన్ని.

నా సంగతి చెప్తాను. కౌంటరులో ఊరికే కూర్చుంటే మనసు పుళ్ళు గోక్కునేది. ఒకరోజు ఒకావిడ బూట్ల పెట్టె తెచ్చింది. చిన్న బూట్లు, పసివాడివి. చీటీ మీద పేరు, ఊరు రాసి ఉన్నాయి. అది అంటిస్తూ ఆ పేరు చూశాను. వీణ్ణి చల్లగా చూడు ప్రభువా అనుకున్నాను. అంతే. తర్వాత మందుల పెట్టె వచ్చింది. దానికీ అనుకున్నాను. అప్పట్నుంచీ చీటీ అంటించినప్పుడల్లా ఒక మాట. పాలు పొంగాయేమోనన్న ఆలోచన రావడం లేదు, మనసు పోయేలోపు ఇంకో పార్సిలు వస్తుంది. సాయంత్రానికి చూస్తే రోజంతా ఆయనతోనే ఉన్నాను. పెదవి కదపలేదు.

అప్పుడు తెలిసింది, నేను దేవుడి దగ్గర కూడా ఇన్నాళ్ళూ మైకు ముందు కూర్చున్నట్టే కూర్చున్నానని. చెప్పడం, బటన్ కట్టెయ్యడం, లేచిపోవడం. అవతల ఎవరైనా ఏమైనా అన్నారేమోనని ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు ఆగుతున్నాను. ఆయన ఏమీ అనడు. అయినా ఆ మౌనంలో కూర్చోవడం బాగుంది.

కుట్టుమిషనావిడ ప్రార్థన కూడా ఇప్పుడు పొట్టిగా లేదు.

మీ బావ ఫోను గురించి రాశావు. నాకు అర్థమైంది. ఆయనకి కబుర్లకి ఒక మనిషి కావాలి. నేను పలక మీద రాసి చూపించే ముక్కలు ఆయనకి విసుగు. నాతో ఉన్నంతసేపూ ఈలే. పోనీలే, ఓపిగ్గా మాట్లాడు. ఇరవయ్యో తేదీ తర్వాత డాక్టరుగారు మళ్ళీ చూస్తారు. ఏం చెప్పినా సరేననే ధైర్యం ఇప్పుడుంది. రావాలనే ఆశ కూడా ఉందనుకో.

టీచరమ్మగారి గుండె పరీక్షలు ఎప్పుడు? ఆవిడ పేరు చీటీ లేకుండానే నా జాబితాలో ఉంది.

ప్రేమతో,
అక్క

ఆగస్టు 14

అక్కా,

పని మీద పరుగులో ఉన్నాను, నాలుగు ముక్కలే.

టీచరమ్మగారి పరీక్షలు అయ్యాయి. మందులతో సరిపోతుందన్నారట. ఆసుపత్రికి వెళ్ళేముందు ఇంటికి పిలిచి ప్రార్థన చెయ్యమన్నారు. గ్రీజు చేతులు కడుక్కుని, సంచి గుమ్మం బయట పెట్టి చేశాను. రెండు చోట్ల తడబడ్డాను. "తడబడినప్పుడే బాగుంది బాబూ" అన్నారావిడ. మా పాస్టరుగారికి ఎవరు చెప్పారో, ఆదివారం సంఘంలో ప్రార్థనకి నిలబెట్టారు. అక్కడా చేశాను. నీ మరదలు ముందు వరసలో కూర్చుని నవ్వాపుకుంటోంది. కానీ ఇంటికొచ్చాక, రేపట్నుంచి ఇద్దరం కలిసి చేసుకుందామా అని తనే అడిగింది.

బావ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నిన్న ఊరుకోలేక, "బావా, ప్రార్థన చెయ్యనా?" అన్నాను. ఊఁ అన్నాడు. చేశాను. అయ్యాక చాలాసేపు పెట్టలేదు. కబుర్లకి మనిషి కావాలంటావు గానీ, నాకలా అనిపించడం లేదక్కా. నువ్వే అడుగు.

డాక్టరు ఏమన్నా వెంటనే రాయి.

తమ్ముడు

ఆగస్టు 23

ఒరేయ్ తమ్ముడూ,

గొంతు వచ్చిందిరా!

పాతది కాదు. బొంగురుగా, కాస్త లోతుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు మెల్లగా మాట్లాడమన్నారు డాక్టరుగారు. మైకు ముందుకి ఇక వెళ్ళలేను. కూటంలో గట్టిగా ప్రార్థన కూడా కుదరదు. అది విన్నప్పుడు కళ్ళు తిరుగుతాయనుకున్నాను, తిరగలేదు. పార్సిలు కౌంటరులోనే ఉంటానని పై ఆఫీసరుకి నేనే కాగితం ఇచ్చాను.

ఇన్నాళ్ళూ ఒకటి అనుకున్నాను. ఎప్పుడు నోరు తెరిచినా మొదటి మాట ప్రభువుకే అని. మీ బావతో కూడా దారంతా మాట్లాడకుండా ఇంటికొచ్చి, తలుపు వేసుకుని మోకరించాను. నోరు తెరిచాను. చెప్పడానికి ఏమీ మిగల్లేదురా. పొద్దున్నే లోపల్లోపల అన్నీ చెప్పుకున్నాను. ఆయన విన్నాడు కూడా. మళ్ళీ పైకి చెప్పాలనిపించలేదు. నవ్వొచ్చింది, లేచి బయటికొచ్చాను.

మీ బావ వంటింట్లో కప్పులు కడుగుతున్నారు, ఈల వేస్తూ. "ఏవండీ" అన్నాను.

ఈల ఆగిపోయింది. కుళాయి కట్టలేదు, వెనక్కి తిరగలేదు. అలాగే నిలబడి, "ఇంకోసారి అను" అన్నారు. అన్నాను. కుళాయి నేనే కట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు చెప్పారు. ఇల్లు అంత చప్పుడు లేకుండా ఉంటే భయమేసి ఈల వేసేవారట. పక్కింటావిడతో ప్రశాంతంగా ఉందన్నది, ఆవిడ జాలిపడితే తట్టుకోలేక అన్న మాటట. మన ఫోను ప్రార్థన ఇన్నేళ్ళూ పక్క గదిలోంచి చెవొగ్గి వినేవారట, ఒక్కనాడూ నాతో అనలేదు. ఆ వేళ అయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక నీకు ఫోన్ చేసి, నువ్వైనా ఏదో ఒకటి అంటావేమోనని ఆగేవారట. అడగడానికి మొహమాటం.

ఆ పూట గొంతంతా ఆయనకే ఖర్చు పెట్టాను. కొత్తమ్మాయి ఊపిరి తీసుకోకపోవడం, బూట్ల పెట్టె, నీ లిఫ్టు, అన్నీ చెప్పాను. అన్నీ పలక మీద చదివినవే. అయినా మొదటిసారి వింటున్నట్టు విన్నారు.

రేపట్నుంచి పొద్దున ఫోన్ చెయ్యి. ప్రార్థన నువ్వూ మరదలూ చెయ్యండి, మేమిద్దరం వింటాం. దేవుడికి నా గొంతుతో పని లేదని ఈ మూణ్ణెల్లలో తెలిసింది. అది కావలసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడని కూడా ఇప్పుడే తెలిసింది. ఇక ఆపుతాను. సాయంత్రం మాట్లాడుకోవడానికి కాస్త గొంతు దాచి ఉంచాను, ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు.

అక్క